ఒకరి నేరం, ఊరందరి మీద నింద

పోటీపరీక్షల శిక్షణ కోసం సొంతూరు వదిలి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో చేరిన చిరంజీవికి ఆశీస్సులు.

చదువు, ఆరోగ్యం, ఖర్చుల విషయంలో జాగ్రత్తలు ఇంట్లో అందరూ చెప్పేవే కనుక, ఈ ఉత్తరం వాటి జోలికి పోకుండా, కోచింగ్ సెంటర్లలో చెప్పని ఒక్క విషయానికే పరిమితమవుతుంది. మతం పేరిట దాడి జరిగినప్పుడు వివేకం గల యువకుడు ఎలా ఆలోచించాలి, ఎలా మసలుకోవాలి అన్నదే ఆ విషయం. మలక్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా సాగే రోడ్డు పక్కన కాపురముండేవారికి అది పరీక్ష రాసి మరచిపోదగిన పాఠం కాదు.

2013 ఫిబ్రవరి 21, గురువారం సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్‌లో, నిమిషాల తేడాతో, ఒకటి 107 బస్టాపు దగ్గర, మరొకటి ఏ-వన్ మిర్చి సెంటర్ దగ్గర, సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలాయి. అధికారిక లెక్క ప్రకారం 18 మంది మరణించారు, 131 మంది గాయపడ్డారు; మృతుల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలూ ఉన్నారు. అంతకుముందు 2002 నవంబరు 21న అక్కడి సాయిబాబా గుడి దగ్గర జరిగిన పేలుడులో ఇద్దరు చనిపోయారు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ కోఠీ గోకుల్ చాట్‌లోనూ బాంబులు పేలి 40 మందికి పైగా బలైన రాత్రే, దిల్‌సుఖ్‌నగర్ పాదచారుల వంతెన కింద పేలని బాంబు ఒకటి దొరికింది. పదకొండేళ్లలోపు ఒకే కూడలి మూడుసార్లు గురి కావడానికి, సాయంత్రం వేళ అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉండటమే ప్రధాన కారణమని ఊహించవచ్చు.

మతతీవ్రవాదం అన్నప్పుడు నిష్ఠగా పూజలు చేసుకునేవారినో ఐదుపూటలా నమాజు చదివేవారినో ఉద్దేశించడం తగదు. తన మతం ఆపదలో ఉందనీ, ఆ ఆపదకు ఎదుటి మతస్థులంతా ఉమ్మడిగా బాధ్యులనీ, కాబట్టి వారిలో ఎవరిని కొట్టినా న్యాయమేననీ నమ్మే మనఃస్థితికే ఆ పేరు చెల్లుతుంది. ఈ మూడింటిలో ప్రాణాంతకమైనది రెండోది, అంటే ఉమ్మడి నింద. బస్సు కోసం నిలబడిన అపరిచితుణ్ణి చంపడానికి అతడు చేసిన తప్పేదీ అక్కరలేకుండా చేసేది అదే. దాడి తరువాత కోపంతో రగిలే వీధి కూడా అదే తర్కాన్ని అందుకుంటే, బాంబు పెట్టినవాడి ఉద్దేశం సగం నెరవేరినట్టే.

దిల్‌సుఖ్‌నగర్ కేసులోని వాస్తవాలే ఈ తర్కం ఎంత డొల్లదో చూపుతాయి. అభియోగపత్రం, అంటే దర్యాప్తు సంస్థ తన ఆరోపణలనూ ఆధారాలనూ కోర్టు ముందుంచే పత్రం ప్రకారం, నిందితులు ఎల్.బి.నగర్ దాటాక విజయవాడ రహదారిపై వచ్చే అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని పథకం నడిపారు. ఇండియన్ ముజాహిదీన్ అనే తీవ్రవాద సంస్థకు చెందిన ఐదుగురికి జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్.ఐ.ఏ.) ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరు 19న మరణశిక్ష విధించగా, తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న దాన్ని ఖరారు చేసింది. ఆ ఐదుగురిలో యాసీన్ భత్కల్‌ది కర్ణాటక. మిగిలినవారు ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్ర, పాకిస్తాన్‌లకు చెందినవారు. హైదరాబాదు వాడు ఒక్కడూ లేడు. అయినా పేలుడు జరిగిన రాత్రి మొదలుకొని అనుమానపు చూపులు భరించింది నగరంలోని ముస్లిం యువకులు, వారికి అద్దెకు ఇల్లు వెతికే తల్లిదండ్రులు.

హైదరాబాదు మక్కా మసీదు ఉదంతం ఇంతకంటే కఠినమైన పాఠం. 2007 మే 18న శుక్రవారం ప్రార్థనల వేళ జరిగిన పేలుడులో తొమ్మిది మంది, ఆ తరువాతి పోలీసు కాల్పుల్లో ఐదుగురు మరణించారు. మొదట అనేకమంది ముస్లిం యువకులను పట్టుకున్నారు, కేసులు నిలవలేదు. తరువాత హిందూ తీవ్రవాద బృందం ఒకటి ఈ పని చేసిందని ఎన్.ఐ.ఏ. అభియోగం మోపింది, విచారణను ఎదుర్కొన్న ఐదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం సాక్ష్యాధారాలు లేవంటూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఈ ఒక్క కేసులోనే రెండు ఆరోపణల విషయంలోనూ జనాభిప్రాయం ముందే తీర్పు చెప్పింది, రెండుసార్లూ ఆ తీర్పు కోర్టులో నిలవలేదు, చనిపోయినవారి కుటుంబాలకు మాత్రం న్యాయం అందలేదు.

ఇక కుటుంబం సంగతి. తీవ్రవాదంలోకి మనుషులను లాగేవి ప్రసంగాలే అన్న నమ్మకం సగమే నిజం. స్నేహమూ రక్తసంబంధమూ అంతకంటే బలంగా పనిచేస్తాయని పరిశోధకులు గమనించారు. 172 మంది తీవ్రవాదుల జీవితాలను పరిశీలించి 2004లో మార్క్ సేజ్‌మన్ వెలువరించిన అధ్యయనంలో, కొందరి విషయంలో బంధుత్వమే ద్వారమైంది. ఇండియన్ ముజాహిదీన్ ముఖ్యులుగా దర్యాప్తు సంస్థలు పేర్కొన్న రియాజ్, ఇక్బాల్ భత్కల్ అన్నదమ్ములు. గాంధీజీ హత్యకేసులో నాథూరాం గాడ్సేతో పాటు శిక్షపడిన గోపాల్ గాడ్సే అతడి తమ్ముడు. 2019 ఈస్టర్ నాడు కొలంబో హోటళ్లలో తమను తాము పేల్చుకున్నవారిలో ఒక సంపన్న వ్యాపారి కొడుకులు ఇద్దరున్నారు. మతాలు వేరైనా, దేశాలు వేరైనా, నమ్మకం ముందుగా ఇంటివాళ్ల మధ్యనే గట్టిపడింది.

అదే కుటుంబం దారి మళ్లించగలదు కూడా. ఇస్లామిక్ స్టేట్‌లో చేరే ఉద్దేశంతో బయలుదేరిన హైదరాబాదు యువకులు కొందరిని 2014లో కలకత్తాలో ఆపి, వెనక్కి తెచ్చిన పోలీసులు జైలుకు పంపకుండా, నచ్చజెప్పి తల్లిదండ్రులకు అప్పగించారు. అయితే వారిలో ఒకడు మరుసటి ఏడాది దగ్గరి బంధువులతో కలిసి మళ్లీ అదే దారి పట్టి నాగపూర్ విమానాశ్రయంలో దొరికాడు కాబట్టి, ఒకనాటి మందలింపుతో పని ముగిసిందనుకోవడం పొరపాటు.

కుటుంబమే నేరుగా హింసకు దిగిన ఉదాహరణ దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరంలోని సరూర్‌నగర్‌లో ఉంది. 2022 మే 4న, ముస్లిం యువతిని పెళ్లాడిన దళిత యువకుణ్ణి ఆమె సోదరుడు మరొకరితో కలిసి నడిరోడ్డుపై చంపిన కేసు అది. అడ్డుపడిన భార్య ఎంత మొరపెట్టుకున్నా జనం ముందుకు రాలేదని ఆమే తరువాత చెప్పింది; ఫోన్లలో తీసిన దృశ్యాలు మాత్రం దేశమంతా తిరిగాయి. చంపింది ఆమె అన్న అయితే, నింద ఆమె మతస్థులందరి మీదా పడింది. నిజానికి ఆ హత్య రాజ్యాంగానికీ ఇస్లాంకూ విరుద్ధమని మజ్లిస్ నాయకుడు అసదుద్దీన్ ఒవైసీ బహిరంగంగా ఖండించారు.

ఉమ్మడి నింద తమకు తగలదని తెలుగువారు అనుకోవడానికీ వీల్లేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఇద్దరు తెలుగు ఇంజినీర్లను ఇరానీయులనుకుని ఒకడు కాల్చగా ఒకరు మరణించారు. అక్కడే కూర్చున్న ఒక శ్వేతజాతి అమెరికన్, తనకేమీ కానివారి కోసం హంతకుడి వెంటపడి తూటా దెబ్బ తిన్నాడు. హంతకుణ్ణి బట్టి అమెరికన్లందరినీ లెక్కగట్టేవారికి ఈ మనిషి ఏ లెక్కలోకీ రాడు.

ఈ చరిత్ర నుంచి ఆచరణకు దిగితే, చేయవలసినవి కొన్నే. దాడి వార్త తెలిసిన మొదటి గంటల్లో రక్తదానం, క్షతగాత్రుల బంధువులకు సాయం వంటివి ఉపయోగపడతాయి; పేరూ మతమూ జోడించి వచ్చే సందేశాన్ని మరొకరికి పంపడం ఉపయోగపడకపోగా నేరానికి దారితీయవచ్చు. అరెస్టు, అభియోగపత్రం, తీర్పు అనే మూడు దశల్లో చివరిది వచ్చేదాకా ఎవరినీ దోషి అనరాదు. తీర్పు వచ్చాక కూడా దోషం ఆ వ్యక్తిదే, అతడి తల్లిది కాదు, వీధిది కాదు. ఇంట్లో బాబాయో మామయ్యో ఒక మతం వాళ్లంతా ఇంతేనని తీర్మానించినప్పుడు నలుగురిలో ఎదిరించి చిన్నబుచ్చనక్కరలేదు గానీ, తీరిక వేళ కూర్చుని ఆ మాటకు ఆధారమేమిటని గౌరవంగా అడగడం ధర్మం. పెద్దరికానికి తలవంచి ఊరుకుంటే పక్కనున్న చిన్నపిల్లలు ఆ మాటనే నిజమనుకుంటారు. హాస్టల్ గదిలో తోటివాడు పాత స్నేహాలన్నీ తెంచుకుని, హింసను పొగుడుతూ, తిరిగిరాని ప్రయాణం గురించి మాట్లాడుతుంటే అతడి ఇంటికి కబురు పంపడం చాడీ కాదు. సకాలంలో తెలిస్తే తల్లిదండ్రులు ఆపగలిగేది అప్పుడే. రేపు సర్కారు కొలువులో చేరి, విచారణ పత్రం మీద సంతకం చేసే అధికారం చేతికి వచ్చినప్పుడు, పేరు చూసి అనుమానించే అలవాటు లేని అధికారిగా ఉండటానికి సాధన ఈ వయసులోనే మొదలుకావాలి.

ఆయురారోగ్యాలూ విజయమూ కలగాలని దీవిస్తూ,
పెదనాన్న