మెదడులో రక్తస్రావమైన పిదప నడుమునొప్పి, కాలినరముల సలుపు

మన వృత్తిలో నడుమునొప్పి ఎరుగని ఇల్లు లేదు. గుంటమగ్గమున వంగి కూర్చుండువారికిని, మరమగ్గము చెంత దినమంతయు నిలుచువారికిని అది వచ్చును. చోళపురము, రాజపాళయము, ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేయు ఛత్రపట్టి, ఎక్కడనైనను ఇంతే. అందుచేత మెదడులో రక్తస్రావమై ఆసుపత్రినుండి ఇల్లు చేరిన మనిషి నడుము పీకుచున్నదన్నచో, మగ్గపు నొప్పియే యని అంగడి మాత్ర తెచ్చి ఇత్తుము. ఇది ప్రాణము మీదికి తేగల పొరపాటు.

మెదడును, వెన్నుపామును ఒకే నీరు చుట్టియుండును. మెదడు పొరల నడుమ రక్తము చిందినపుడు అది ఆ నీటితో క్రిందికి దిగి నడుము భాగమున చేరును. కాళ్ళకు పోవు నరముల మొదళ్ళు అక్కడనే ఉన్నవి. రక్తము వానిని రేపుటచే కొన్ని దినములకు నడుమునొప్పియు, తొడ వెనుకనుండి పిక్కలోనికి సలుపును పుట్టును. సాధారణముగా కొన్ని వారములలో తగ్గును. ఒక ప్రక్క చచ్చుబడినవారికి కుంటినడకచే నడుము పట్టుటయు, పాత డిస్కునొప్పి తిరుగబెట్టుటయు కలదు. మెదడు దెబ్బతినుటచేతనే కాలు మంటలు పుట్టుటయు కలదు. వీనికి చికిత్సలు వేరు. కనుక ఆసుపత్రి కాగితములు చూపి వైద్యునిచే తేల్చుకొనవలెను.

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు రక్తము గడ్డకట్టుటకు అడ్డు తగులును. కడపటి రెండును రక్తపుపోటును పెంచగలవు. వైద్యుడు చెప్పనిదే వీనిని మ్రింగరాదు. సాధారణముగా మొదట పారాసిటమాలు ఇత్తురు. నరపు నొప్పికి గాబాపెంటిన్ వంటివి ఇచ్చుట కలదు. వానిచే మగత కలిగి పడిపోవచ్చును గనుక లేచునపుడు తోడుండవలెను. స్పర్శ తెలియని కాలికి కాపడము పెట్టినచో చర్మము కాలును. నడుము విరిపించుట కూడదు.

ఎల్లప్పుడు పడుకొనియుండుటయు మంచిది కాదు. వైద్యుడు అనుమతించిన మేరకు కొద్దికొద్దిగా నడిపింపవలెను. తమిళనాడులో 2021లో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకము క్రింద రక్తపుపోటు మందులు, వ్యాయామ చికిత్స ఇంటివద్దనే పొందవచ్చును.

మూత్రము బిగిసినను, తెలియక పోయినను, కూర్చుండు చోట మొద్దుబారినను, పాదము వ్రేలాడినను, హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, వాంతి, మాట తడబాటు కలిగినను ఆలసింపక 108కి ఫోను చేయవలెను.

పోగు తెగినచో ఎక్కడ తెగినదో చూచియే ముడివేయుదుము. ఈ నొప్పి విషయమునను మొదట కారణము తెలిసికొని, పిమ్మటనే మందు వేయుదము.