సరియైన ద్వారము

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమునకు చేరువలో వెలిమెల యను ఊరు కలదు. హైదరాబాదు నగరము విస్తరించుచుండుటచే ఆ పరిసరములు త్వరితగతిని మారుచున్నవి. ఆ యూరి విద్యార్థి యొకడు అవ్వలు పాడు బతుకమ్మ పాటలను, పొలముల చిత్రములను సేకరించెననుకొనుడు. ఆ సేకరణము 100 గిగాబైట్లయినది. అందు పాడిన వారిలో కొందరిప్పుడు లేరు. దానిని కంప్యూటరునకు వెలుపల నుండు హార్డు డిస్కులో భద్రపరుపవలెను. అట్టి డిస్కును కంప్యూటరుతో కలుపు మార్గమును ‘ఇంటర్‌ఫేస్’ అందురు. అవి పెక్కు రకములు. వానిలో దేనిని ఎన్నుకొనవలెను?

1996వ సంవత్సరమున యు.ఎస్.బి. అను మార్గము వెలువడినది. అంతకుముందు ప్రింటరునకొక తీగె, మౌసునకొక తీగె వేర్వేరుగా నుండెడివి. ఆ చిక్కును తొలగించిన ఇంటెల్ సంస్థ ఇంజనీర్లలో భారతదేశమున జన్మించిన అజయ్ భట్ ముఖ్యుడు. మొదట దాని వేగము సెకనునకు 12 మెగాబిట్లు. 2000లో అది 480 మెగాబిట్లయ్యెను. 2008లో 5,000 మెగాబిట్లకు పెరిగెను. ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటగును. కావున 480 మెగాబిట్లనగా 60 మెగాబైట్లు మాత్రమే. ఆచరణలో సుమారు 35 మెగాబైట్లే చేరును. ఆ లెక్కను విద్యార్థి సేకరణము డిస్కునకు చేరుటకు ముప్పాతిక గంటకు పైగా పట్టును.

2008 నాటి మార్గమున అదే పని పావుగంటకు కొంచెము మించి ముగియును. అట్లయిన 2011లో వచ్చిన థండర్‌బోల్టు ఇంకను వేగవంతము గదా, దానినే కొనరాదా యను సందేహము కలుగవచ్చును. బావియందలి మోటారు తోడినంత నీరే గొట్టమున వచ్చును. గొట్టమును వెడల్పు చేసినంత మాత్రమున నీరు పెరుగదు. తిరుగు పళ్లెములుగల హార్డు డిస్కు సెకనునకు నూరు, నూటయేబది మెగాబైట్ల ప్రాంతమున మాత్రమే అందింపగలదు. కావున దానికి అంతకు మించిన మార్గము వ్యర్థవ్యయము. పళ్లెములు లేని ఎస్.ఎస్.డి.కి మాత్రము విశాలమార్గము వలన ప్రయోజనము కలదు.

వేగముకంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. ఆ విద్యార్థి పెదనాన్న యొద్ద ఫైర్‌వైరు మార్గముగల పాత డిస్కు ఉన్నదనుకొనుడు. 1995లో ప్రమాణముగా వెలసిన ఆ మార్గము ఒకప్పుడు చలనచిత్రములు కూర్చువారికి ప్రియమైనది. నేటి కొత్త కంప్యూటర్లలో ఆ ద్వారము కానరాదు. డిస్కులో చిత్రములు చెక్కుచెదరకున్నను, తగిన పరికరము దొరకువరకు వానిని చూచు వీలు లేదు. ఇ-సాటా యను మార్గమును అట్లే మరుగుపడినది. సాధారణముగా దానికి విద్యుత్తును వేరుగా నందింపవలసి యుండెడిది. యు.ఎస్.బి. యన్ననో చిన్న డిస్కునకు వలయు విద్యుత్తును ఆ తీగెయే తెచ్చును. పాత ద్వారమున సైతము, మెల్లగానైనను, పనిచేయును.

ద్వారముయొక్క ఆకారమును చూచి వేగమును నిర్ణయింపరాదు. గుండ్రని అంచులుగల టైప్-సి ద్వారము కొన్ని యంత్రములలో 480 మెగాబిట్లకే పరిమితము. కావున డిస్కు పెట్టెపై వ్రాసిన వేగమును, తన కంప్యూటరు ద్వారమును, తీగెను మూడింటిని సరిచూచుకొనవలెను. ఆ మూడింటిలో మెల్లనిదే మొత్తము వేగమును నిర్ణయించును.

ఇన్ని చూచి ఎన్నుకొన్నను ఏ డిస్కును శాశ్వతము కాదు. ఆ విద్యార్థి యు.ఎస్.బి. డిస్కులు రెండు కొని, ఒకటి తన యింటను, రెండవది పెదనాన్న యింటను ఉంచుట మేలు. కొన్నియేండ్ల కొకసారి వానిని తెరచి చూచి, కాలమునకు తగిన కొత్త డిస్కులోనికి మార్చుచుండవలెను. అట్లు చేసినచో అవ్వల కంఠస్వరము వారి మనుమల బిడ్డలకును వినబడును.