మస్టాంగ్ వెనక బ్రేకులకు ఏ సామాను కొనాలి?

ప్రశ్న: నా దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్, 289 వీ8 ఉంది. వెనక డ్రమ్ బ్రేకుల సామానంతా మార్చాలి. పెద్ద వీల్ సిలిండర్ వేస్తే బ్రేకు బాగా పడుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: వద్దండీ. బ్రేకు కొట్టగానే బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. అక్కడ ఒత్తిడి పెంచితే చక్రాలు లాకై, తడి రోడ్డు మీద బండి వెనక భాగం పక్కకు జారుతుంది. కంపెనీ ఇచ్చిన సైజే వేయండి.

కొనేముందు చక్రం బోల్టులు లెక్కపెట్టండి. అయిదుంటే వీ8 బండి, 10 అంగుళాల డ్రమ్. నాలుగే ఉంటే ఆరు సిలిండర్ల బండి ఇరుసు, 9 అంగుళాల డ్రమ్. ఇంజన్ మార్చి ఇరుసు వదిలేసిన బళ్లు తక్కువేం కాదు.

పాత డ్రమ్ పారేయక్కర్లేదు. దాని మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం దాటకపోతే లేత్ పట్టించి వాడుకోవచ్చు. స్ప్రింగులు మాత్రం కొత్తవే. వేడికి సాగినవాటితో పొదుపేమిటి? ప్రతి చక్రంలో పొట్టి లైనింగ్ షూ ముందువైపు, పొడుగుది వెనకవైపు రావాలి. అడ్జస్టర్ మరలు కుడి ఎడమలకు వేరు. తారుమారైతే బిగించాల్సింది వదులు చేస్తుంది. ఇరుసు సీలు కారుతుంటే ముందు అది మార్చండి, నూనె తాగిన షూ పనికిరాదు. పాత షూల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇంకోమాట: 1966 మోడల్ మాస్టర్ సిలిండర్‌కు ఒకటే సర్క్యూట్. ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. డబ్బు మిగిలితే ముందు దాన్నే మార్పించండి.