తటాకవిజ్ఞానము – సంస్కృతి, వ్యవస్థ

ఒక దేశమున విజ్ఞానశాస్త్రము వర్ధిల్లుటకు మేధావుల ప్రతిభ ఒక్కటియే చాలునా, లేక సమాజపు సంస్కృతియు, వ్యవస్థలును అందుకు అంగములగునా? ఈ సంశయమునకు సమాధానము మన చెరువులలోను, చెరువు శాసనములలోను లభించుచున్నది.

ప్రతిభయే చాలునన్నది పూర్వపక్షము. అట్లయినచో కాకతీయుల కాలమున, ఒక్క ప్రాంతమున, ఇన్ని మహాతటాకములు ఏల వెలసెను? గణపతిదేవుని (1199–1262) సోదరి మైలాంబ నేటి మహబూబాబాద్ జిల్లా బయ్యారమున ధర్మకీర్తిసముద్రమును నిర్మింపజేసెను. భూపాలపల్లి జిల్లా గణపురమున గణపసముద్రమును, కోటగుళ్ళును కలవు. ములుగు జిల్లా పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్పగుడిని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. అక్కడను గుడితోపాటు చెరువున్నది. ఒక మేధావి పుట్టుట యాదృచ్ఛికము కావచ్చును. ఇంతటి నైరంతర్యము యాదృచ్ఛికము కాజాలదు.

దీనికి కారణములు రెండు. మొదటిది సంస్కృతి. పుత్రుడు, తటాకము, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము అను సప్తసంతానములలో చెరువును పుత్రునితో సమానముగ ఎంచిరి. సోమనాథుని, పోతన పేర్లతో ముడివడిన జనగామ జిల్లా పాలకుర్తి, బమ్మెర గ్రామములు కావ్యసంతానమునకు సాక్ష్యములైనట్లే, బయ్యారపు కట్ట తటాకసంతానమునకు సాక్ష్యము. రెండవది వ్యవస్థ. చెరువును త్రవ్వించినవారికి, కాపాడువారికి దశబంధమాన్యము లభించెడిది. కీర్తికాంక్ష కట్టను కట్టించినది. మాన్యము దానిని నిలిపినది.

సిద్ధాంతమునకు బలమైన ప్రమాణము కడప జిల్లా పోరుమామిళ్ళ శాసనము (1369). బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు వేయించిన ఈ సంస్కృత శాసనము ఉత్తమతటాకమునకు 12 అంగములను, 6 దోషములను పేర్కొనుచున్నది. గట్టినేల, రాతికట్ట, రాతిగని మొదలగువానితోపాటు ధర్మపరుడైన రాజు, జలశాస్త్రవిదుడు, నిపుణులైన పనివారును అంగములే. కట్టనుండి నీరూరుట, చవుటినేల అనువాని వలెనే రెండు రాజ్యముల పొలిమేరన ఉండుటయు దోషమే. ఇది మిక్కిలి గమనింపదగినది. భూస్వభావమును, పాలనాస్థితిని ఒకే పట్టికలో చేర్చినవాడు, వ్యవస్థ శాస్త్రమునకు వెలుపలిది కాదని ఎరిగినవాడు. 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏండ్లు అను పరిమాణములును అందే నమోదైనవి.

అట్లయినచో ఈ విజ్ఞానము తరువాత ఏల విస్తరింపలేదు? శాస్త్రము పాఠశాలలో, పని వడ్డెర చేతులలో, నీటి అనుభవము నీరటి వద్ద విడివిడిగ మిగిలినవి. వీరు ఒకరినొకరు ప్రశ్నించుకొను స్థానము ఏర్పడలేదు. ఆచార్య ప్రఫుల్లచంద్ర రే తన హిందూ రసాయనశాస్త్ర చరిత్రలో, మేధావులకు చేతిపనులతో సంబంధము తెగిపోవుటయే శాస్త్రక్షయమునకు హేతువని, అందులకు వర్ణవ్యవస్థను కారణముగ చూపెను. సంప్రదాయమున పెరిగిన మాకు ఇది రుచింపకపోవచ్చును. కాని పోరుమామిళ్ళ శాసనమును చదివినవాడు దీనిని త్రోసిపుచ్చజాలడు. జలశాస్త్రవిదుని, పనివానిని ఒకే వరుసలో నిలిపినది మన శాసనమే గదా! చెరువునకు పుత్రస్థానమిచ్చిన సంస్కృతియే, చెరువు పనివానికి విద్యాస్థానము నీయలేదు.

2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను సంకల్పించినది. పూడిక తీయుట యంత్రములకు సాధ్యము. కాని శాసనము చదువు పండితుడు, తూము కొలుచు ఇంజనీరు, మత్తడి పోకడ తెలిసిన నీరటి ఒక్కచోట కూర్చుండనిదే విజ్ఞానము వృద్ధిచెందదు.

ప్రాచ్యకళాశాలలలో శాసనమును సాధారణముగ లిపి, ఛందస్సు, వంశక్రమముల కొరకే బోధించుచున్నాము. విద్యార్థిని కట్టమీదికి తీసికొనిపోయి, ఆ 12 అంగములలో ఎన్ని నిలిచియున్నవో, ఆరు దోషములలో ఎన్ని చేరినవో నీరటి సమక్షమున లెక్కింపజేయవలెను. ఇందులకు క్రొత్త భవనములు అక్కరలేదు. పాఠ్యప్రణాళికలో ఒక పత్రము, ఏడాదికి పది దినములు చాలును. అది చేయనిచో మన విద్య సంరక్షింపబడును గాని వర్ధిల్లదు.