రబ్బరు ఇంపెల్లరు: పడవ మోటారులో, పాల పంపులో



2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల పట్టణంలోని పల్లపు ప్రాంతాలు నీట మునిగిన సంగతి మనకు తెలిసినదే. వరదల్లో మనుషులను ఒడ్డుకు చేర్చే మోటారు పడవలను దగ్గరగా చూసినవారు ఒకటి గమనించే ఉంటారు. మోటారు నడుస్తున్నంతసేపూ దాని వెనుక నుంచి సన్నని నీటి ధార చిమ్ముతుంది. అది ఆగితే మోటారు వేడెక్కి పట్టేస్తుంది. ఆ నీటిని తిప్పేది అరచేతిలో ఇమిడే ఒక రబ్బరు చక్రం. పాలను ట్యాంకుకు ఎక్కించే కొన్ని పంపుల్లోనూ ఇదే రకం చక్రం ఉంటుంది గనుక దీని సంగతి మనకూ అవసరమే.

పంపు లోపల తిరిగే ఈ చక్రమే ఇంపెల్లరు. పడవను నెట్టే బయటి రెక్కలు ప్రొపెల్లరు, రెండూ వేరు. బావుల మీది మోనోబ్లాకు పంపుల్లో ఉండేది లోహపు ఇంపెల్లరు. రెక్కలకు రెండు పక్కలా పళ్లెం ఉంటే మూసిన రకం, తేట నీటికి మంచిది. ఒక పక్కనే ఉంటే సగం తెరిచిన రకం, కొంత మట్టి నీటినీ తట్టుకుంటుంది. పళ్లెం లేనిది తెరిచిన రకం. పేడనీళ్లకు, గోబర్ గ్యాస్ స్లరీకి అది కావాలి. మూసినదానితో పేడనీళ్లు తోడితే గడ్డిపోచలు ఇరుక్కుంటాయి. ఇంకొక మాట: కొత్తగా వైర్లు కలిపిన తరువాత నీళ్లు తగ్గితే వెంటనే పంపు విప్పకండి. త్రీఫేజు మోటారులో రెండు వైర్లు తారుమారైతే అది వెనక్కు తిరుగుతుంది, నీళ్లు తక్కువ పోస్తుంది.

రబ్బరు ఇంపెల్లరు పని వేరు. దాని గూడు ఒక పక్క లోపలికి ఉబ్బి ఉంటుంది. అక్కడ రెక్కలు వంగి ద్రవాన్ని బయటకు తోస్తాయి. అది దాటగానే నిటారుగా లేచి కొత్త ద్రవాన్ని పీలుస్తాయి. అందుకే ముందుగా నీళ్లు పోయనక్కరలేదు. కాని రెక్కలకు తడే నూనె. ఎండగా తిప్పితే నిమిషంలోనే రబ్బరు కాలిపోవచ్చు.

పడవ మోటారులో ఇంపెల్లరు మార్చాలంటే ముందు ప్లగ్గు వైరు తీయాలి. గేరు లివరు కడ్డీ విడదీసి, బోల్టులు విప్పి, కింది గేరు భాగాన్ని నిటారుగా దించాలి. నిలువు షాఫ్టు మీద పంపు గూడు కనిపిస్తుంది. దాన్ని విప్పి పాత ఇంపెల్లరును, దాన్ని షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న కీని తీయాలి. రెక్క ఏదైనా విరిగి ఉంటే ఆ ముక్కను వెతికి తీయాల్సిందే. లేకపోతే అది నీటి దారికి అడ్డం పడుతుంది. ఇసుక నీటిలో తిరిగిన గూడుకు లోతైన గీతలు పడి ఉంటే గూడునూ మార్చాలి. కొత్తదానికి సబ్బు నీళ్లు రాసి, షాఫ్టును అది నడిచే దిక్కుకే తిప్పుతూ గూడు దించాలి. రెక్కలన్నీ ఒకే వైపు వాలాలి. కొత్త గ్యాస్కెట్టు వేసి, నీటి గొట్టం సరిగా కూర్చున్నదో లేదో చూసి బిగించాలి. తరువాత నీటి డ్రమ్ములో ముంచి నడిపితే ధార రావాలి.

ఇక మన పాల పంపు. కొలత సరిపోయిందని పడవ మోటారు ఇంపెల్లరును ఇందులో వేయకండి. పాల కొవ్వుకు కొన్ని రబ్బర్లు ఉబ్బి పొరలు ఊడతాయి. ఆహార పదార్థాలకు తగిన రబ్బరేనని కంపెనీ రాసిచ్చిన ఇంపెల్లరే కొనాలి. పిండిన పాలు సుమారు 37 డిగ్రీల వేడితో ఉంటాయి, కూలరులో 4 డిగ్రీలకు దిగాలి. సాయంత్రం పంపు ఆగితే క్యాన్లలోనే పాలు పులుపెక్కుతాయి. కాబట్టి సంఘంలో ఒక ఇంపెల్లరు, ఒక గ్యాస్కెట్టు ఎప్పుడూ నిలువ ఉండాలి. పాలు అయిపోగానే పంపు ఆపే బాధ్యత ఒక మనిషికి అప్పగించండి. కడిగేటప్పుడు మూత తీసి రెక్కల మొదళ్లలో పేరుకున్న జిడ్డు తుడవాలి. రెక్క తగ్గినట్టు కనిపిస్తే ఆ రోజు పాలను వడకట్టి ముక్క దొరికేదాకా ట్యాంకరుకు ఎక్కించవద్దు.