గోరఖ్ ఇమిలీ చెట్టు - చింతకును దీనికిని గల భేదము

ఈ చెట్టును హిందీ, ఉరుదూ భాషలలో గోరఖ్ ఇమిలీ యనియు, మరాటీలో గోరఖ్ చించ యనియు, కన్నడమున దొడ్డ హుణిసె యనియు పిలిచెదరు. ఆంగ్లేయులు బావోబాబ్ అందురు. ఇమిలీ, చించ, హుణిసె యనునవి మూడును చింతకు పేళ్లే. కావున కాగితములు తెనిగించువాడు దీనిని చింతచెట్టని వ్రాసివేయుట సులభము. ఈ వ్రాయసకాడును ఒకప్పుడట్లే వ్రాసి దిద్దుకొనవలసి వచ్చినది. కాగితము మీది తప్పు దిద్దవచ్చును గాని, చెట్టు కొట్టించిన పిమ్మట దిద్దుట లేదు. చింతమ్రాను గట్టిది, రోకండ్లకును, గానుగలకును, బొగ్గునకును పనికివచ్చును. గోరఖ్ ఇమిలీ మ్రాను మెత్తనిది, నీటిని పీల్చి నిలువ యుంచుకొనునది. పడినపిదప త్వరలోనే కుళ్లి నారనారగా విడిపోవును. దూలమునకు గాని వంటచెఱకునకు గాని తగదు. మాను లావు చూచి యాశపడినవానికి కూలి ఖర్చు మాత్రమే మిగులును.

చింతతో దీనికి గల పోలిక పండు పులుపు ఒక్కటియే. కుటుంబమునుబట్టి యిది బూరుగు, ప్రత్తి, బెండ, గోగులకు చుట్టము. పెద్దచెట్టు ఆకు బూరుగాకువలె చేతివ్రేళ్లుగా చీలియుండును. లేత మొలకకు మాత్రము చీలని యాకులే యుండును. తల్లిపోలిక లేనందున దానిని కలుపుమొక్క యని పీకివేయుదురు. పెద్ద తెల్లని పూలు తలక్రిందుగా వ్రేలాడుచు సాయంకాలమున విచ్చి మరునాటికి వాడిపోవును. రాత్రివేళ తేనెకై వచ్చు గబ్బిలములవలన వీనికి పరాగసంపర్కము జరుగును.

దీని స్వస్థలము ఆఫ్రికా. 1749లో సెనెగాలు దేశమునకు వెళ్లిన మిషెల్ ఆదాన్సన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరుమీదుగా దీనికి శాస్త్రనామము కలిగినది. ఓడవర్తకులును, ఆఫ్రికానుండి వచ్చిన సిపాయీలును మన దేశమునకు తెచ్చియుందురని తలంచుచున్నారు. గోలకొండ నయాకిలాలో నున్న చెట్టును హాథియాఁ కా ఝాడ్, అనగా ఏనుగుల చెట్టు అందురు. దాని చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. 1948 వరకు సంస్థానముగా నుండిన సవణూరులోను పెద్ద చెట్లు మూడు గలవు. చుట్టుకొలతనుబట్టి వయస్సు చెప్పరాదు. పెక్కు మ్రాకులు కలిసి యొక్కటియై పెరుగుటయు కలదు. ప్రయాగ చెంత ఝూన్సీలోని చెట్టు ఏడు వందల యేండ్లకు పైబడినదని 2020లో ప్రకటింపబడిన పరీక్షలో తేలినది.

ఆఫ్రికావారు దీనిని నిలువుననే వాడుకొందురు. లేతయాకు మన గోంగూరవలె కూరకగును. ఎండించి పొడిచేసి పులుసులో వేసిన బెండజిగురువలె చిక్కబఱచును. పట్టనుండి త్రాళ్లు పేనుదురు. ఒలిచినచోట మరల పట్ట కట్టుట యీ చెట్టునకు గల విశేషము. అట్లని చుట్టును ఒకేసారి ఒలువరాదు. కాయలోని తెల్లని పిండి నీటిలో కలిపిన పుల్లని షర్బత్తగును; దీనిని 2008లో యూరపుదేశములవారు ఆహారముగా అంగీకరించిరి. సూడానులోని కొర్దొఫాను ప్రాంతమువారి యేర్పాటు మరింత చూడదగినది. నూతులు లేని యూళ్లలో మ్రాను లోపల తొలిచి, చుట్టును మడుగు కట్టి, వానకాలమున నిలిచిన నీటిని చేదలతో లోపల పోసి, వేసవికి త్రాగుటకు దాచుకొనుచుండిరి. చెట్టు తండ్రినుండి కొడుకునకు ఆస్తిగా సంక్రమించుచుండెను. గుజరాతు తీరపు జాలరులు ఎండుకాయలను వలలకు బెండ్లుగా కట్టుదురు.

ఇంత చెప్పినను, పంటపొలము నడుమ దీనిని నాటుమని మా సలహా కాదు. నీడయు వేళ్లును విశేష స్థలమాక్రమించును. పంట చేతికందుటకు ఏండ్లు పట్టును. బీడునేలకును, ఊరిబయటకును తగును. ఉన్న చెట్టు మొదట నీరు నిలువనీయరాదు. తొఱ్ఱలో నిప్పు పెట్టనీయరాదు. విత్తనము పైతోలు బహు గట్టిది గనుక, వేడినీటిలో వేసి ఒక రాత్రి నాననిచ్చి, వానలకు ముందుగా తొట్టెలో విత్తి, ఆకు చీలునంతవరకు మేకల కందకుండ కంచె కట్టవలెను.