మార్కుల పత్రంలో కనబడని తెలివి



పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో కొందరు తల్లిదండ్రులు పిల్లలను ఆసుపత్రికి తీసుకొస్తారు. "అన్నం తినడం లేదు, నిద్ర పోవడం లేదు, ఎప్పుడూ తలనొప్పి అంటాడు" అని చెబుతారు. రక్త పరీక్షలో తేడా ఏమీ ఉండదు. కాసేపు మాట్లాడాక అసలు సంగతి బయటపడుతుంది. "వీడికి తెలివి లేదండీ, ఏ ఉద్యోగానికీ పనికిరాడు" అని పిల్లవాడి ఎదుటే అనేస్తారు. ఈ మాట నిజమేనా? ఈ నెల పాఠంలో చూద్దాం.

తెలివిని కొలవడం ఎలా మొదలైంది?

1905లో ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సైమన్ అనే ఇద్దరు ఒక పరీక్షను తయారుచేశారు. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేక సహాయం అందించడమే దాని ఉద్దేశం. పనికిరానివారని ముద్ర వేయడానికి కాదు. సాధనతో తెలివి పెరుగుతుందని బినే నమ్మాడు.

1983లో అమెరికాకు చెందిన హోవర్డ్ గార్డ్‌నర్ తెలివి ఒక్కటే కాదు, ఏడు రకాలని రాశాడు. అవి: భాష, లెక్క-తర్కం, ఆకారాలను మనసులో చూడగలగడం, సంగీతం, శరీర నైపుణ్యం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, తన్ను తాను తెలుసుకోవడం. తర్వాత ప్రకృతిని గమనించే తెలివిని కూడా చేర్చాడు. 1990లో పీటర్ సాలోవే, జాన్ మేయర్ భావోద్వేగ తెలివిని గురించి వివరించారు. అంటే తన కోపం, భయం, ఎదుటివారి బాధ గుర్తించి తగినట్టు నడుచుకోవడం.

వార్డులో చూద్దాం

పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన వార్డులో చేరారనుకోండి. స్కాన్ చిత్రం చూసి మెదడులో దెబ్బ ఎక్కడ తగిలిందో డాక్టరు గ్రహించాలి. మందుల మోతాదు లెక్క తప్పకుండా చూడాలి. ఫిజియోథెరపిస్టు చేతులకు ఆ బిగుసుకున్న కాలిని ఎంతవరకు వంచవచ్చో తెలియాలి. ఆయన గోడవైపు తిరిగి మౌనంగా పడుకుంటే, "ఇంట్లోవాళ్లకు భారమైపోయాను" అనే దిగులని నర్సమ్మ పసిగట్టాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆయన కోలుకోవడం కష్టమవుతుంది.

ఉద్యోగంలో ఎదుగుదల

సర్టిఫికెట్టు ఉద్యోగపు తలుపు తెరుస్తుంది. లోపలికి వెళ్లాక వేరే తెలివి కూడా కావాలి. చక్కగా ఇంజెక్షన్ చేసే నర్సు వార్డు ఇన్‌ఛార్జి అయితే డ్యూటీలు సర్దాలి, ఇద్దరి మధ్య తగవు తీర్చాలి, కొత్తవారికి నేర్పాలి. నిన్నటి నైపుణ్యం ఒక్కటే నేటి పనికి చాలదు. అది నేర్చుకున్నవారే ముందుకు వెళ్తారు.

అలాగని చదువును తక్కువ చేయకూడదు. విషయాన్ని త్వరగా గ్రహించి, ఆలోచించే శక్తికీ పనితనానికీ సంబంధం ఉందని అనేక పరిశోధనలు తెలిపాయి. గార్డ్‌నర్ సిద్ధాంతానికి తగిన రుజువులు లేవని చాలామంది శాస్త్రజ్ఞులు అంటారు. కాబట్టి "మా వాడిది సంగీతం తెలివి, లెక్కలు రావు" అని కొత్త ముద్ర వేయడం కూడా పొరపాటే.

వయసు మీరినవారికి ఒక మాట. కొత్త చిక్కును వేగంగా విప్పే శక్తి వయసుతో తగ్గవచ్చు. కానీ పదజాలం, అనుభవంతో వచ్చిన జ్ఞానం చాలాకాలం నిలుస్తాయి.

వాక్యపు వెలుగులో

నిర్గమకాండము 31లో బెసలేలుకు దేవుని ఆత్మ ఇచ్చిన జ్ఞానం బంగారం, వెండి, ఇత్తడి, చెక్క పనులలో కనబడింది. చేతిపని కూడా దేవుడిచ్చిన తెలివే. 18వ అధ్యాయంలో మోషే ఒంటరిగా అలసిపోతుంటే, పని పంచుకొమ్మని మామ యిత్రో సలహా ఇచ్చాడు. మోషే దానిని వినడం కూడా తెలివే. మత్తయి 25లో అయిదు తలాంతులవాడు, రెండు తలాంతులవాడు యజమాని నుండి ఒకే మెప్పు పొందారు. ఎన్ని ఇచ్చారన్నది కాదు, ఏమి చేశారన్నదే ఆయన చూశాడు.

ఇంట్లో చేయవలసినవి

1. ఇతర పిల్లలతో పోల్చకండి.
2. బిడ్డ ఏ పనిలో ఆకలి మరచిపోతున్నాడో గమనించండి.
3. వెనుకబడిన పాఠానికి సాయం చేయండి, మానిపించకండి.
4. బిడ్డ ముభావంగా ఉన్నా, బ్రతకాలని లేదన్నా తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలక వెంటనే డాక్టరును కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఈ రాత్రి భోజనం దగ్గర మీ బిడ్డ చేసిన ఒక మంచి పనిని పేరుపెట్టి మెచ్చుకోండి. మార్కుల మాట రేపు మాట్లాడుకోవచ్చు.

దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక.